బంతితో మొదలుపెట్టు

తమ్ముడూ,

అమెరికాలోని ఫ్లోరిడాలో ఒకప్పుడు స్పెయిన్‌వాళ్లు నడిపిన సాన్ లూయిస్ మిషన్ (క్రైస్తవ మత ప్రచార కేంద్రం) మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. కష్టపడ్డావు, కాదనను. కానీ 1633లో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు అక్కడి మూలవాసులైన అపలాచీల సీమకు రావడం, 1656లో మిషన్ ఇప్పటి టలహాసీలోని గుట్ట మీదికి మారడం, గవర్నర్ల పేర్లు... మొదటి మూడు పేజీలూ ఇవే. ఏమనుకోకు, పరీక్ష ముందు రోజు గైడు చదువుతున్నట్టుంది.

అపలాచీల ఆటలోని బంతిని మాత్రం నాలుగో పేజీలో ఒక్క లైనులో తేల్చేశావు! లోపల ఎండిన మట్టి, పైన జింక తోలు, గుప్పిట్లో దాగిపోయేంత చిన్నది. ఒకవైపు చర్చి, ఎదురుగా రెండు వేల మందికి పైగా పట్టే గడ్డికప్పు సభాగృహం, నడుమ మైదానం. ఊరికీ ఊరికీ పందెం, జట్టుకు 40, 50 మంది. కాలితో తన్నిన బంతి స్తంభానికి తగిలితే ఒక పాయింటు, పైనున్న గద్ద గూట్లో పడితే రెండు, 11 వచ్చినవాళ్లదే గెలుపు. కాళ్లూ చేతులూ విరిగేవి. వాన కోసం, ఉరుము దేవుడి కోసం ఆడిన ఆట మరి, వెనక్కి తగ్గితే పరువేం కాను?

ఇదంతా మనకెలా తెలిసిందో చూడు. ఈ ఆటను మాన్పించాలని 1676లో హువాన్ దె పైవా అనే పాదిరి కాగితం పట్టాడు, అది సైతాను పని అని తిడుతూనే నియమాలూ, ఆట పుట్టిన కథా పూసగుచ్చినట్టు రాసిపెట్టాడు. ఆయన్ని సినిమా విలన్‌ని చేయకు. పాయింట్లు అంత కచ్చితంగా తెలిసినవాడు గట్టు మీద నిలబడి చాలా ఆటలే చూసుంటాడని నా అనుమానం.

అపలాచీలను కూడా అమాయకులుగా ఒక్క మూసలో పోయకు. 1647లో తిరగబడి, ఉన్న ఎనిమిది చర్చిల్లో ఏడింటిని తగలబెట్టింది వాళ్లలో మతం మారనివాళ్లు. తర్వాత స్పెయిన్‌వాళ్ల ముఖ్య పట్టణం సెయింట్ అగస్టీన్ దాకా, దాదాపు 200 మైళ్లు, వీపుల మీద మొక్కజొన్న మోసిందీ అపలాచీలే. 1688లో నాయకులు స్పెయిన్ రాజు రెండో కార్లోస్‌కు తమ భాషలోనే ఒక లేఖ పంపారు. ఆ భాషలో మనకు మిగిలిన రాత అదొక్కటే, నువ్వేమో దాన్ని ఫుట్‌నోట్‌లో తోసేశావు! పైకి లాగు. రాజుకు రాసిన ఉత్తరం కదా, అందులోని మర్యాదను మాత్రం కాస్త జాగ్రత్తగా చదువు.

ఇక చివరి పేరా. 1704లో ఇంగ్లిష్‌వాళ్ల వలస కరొలైనా నుంచి జేమ్స్ మూర్ దండు వచ్చి మిషన్లను నాశనం చేసింది, నిజమే. కానీ సాన్ లూయిస్‌ను తగలబెట్టింది శత్రువు కాదు, వాళ్లు మళ్లీ వచ్చేలోపే జూలై 31న అక్కడివాళ్లే నిప్పుపెట్టి వెళ్లిపోయారు. కొందరు మొబైల్ అనే పట్టణం చేరారు, 1763 తర్వాత అక్కణ్ణుంచి లూసియానాకు వెళ్లారు. వారి వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. కాబట్టి 'ఆ జాతి అంతరించిపోయింది' అనే వాక్యాన్ని కొట్టెయ్.

మార్చి పంపు, ఆదివారం తీరిగ్గా చదువుతాను.

నీ అన్న