మాంసాన్ని నానబెట్టాలా, ఊరబెట్టాలా?

సందేహం: అడవి జంతువుల మాంసం వండే పద్ధతుల మీద ఒక పుస్తకాన్ని తెలుగు చేస్తున్నాను. ‘జింకను రాత్రంతా మసాలాలో నానబెట్టి, బొగ్గుల మీద వేయించాలి’ అని రాశాను. చదివిన మిత్రుడు ఏదో తేడాగా ఉందన్నాడు. ఏమిటా తేడా? మ్యారినేట్, గ్రిల్ అని అలాగే ఉంచేస్తే మేలా? వేటమాంసం అనే మాట వాడొచ్చా?

సమాధానం: ఉంచేసినా తప్పేమీ లేదు, ఆ రెండూ అందరికీ తెలిసిన మాటలే. కానీ మీ ఇబ్బంది తెలుగులో మాటలు లేక వచ్చింది కాదు. ఒక క్రియ రావలసిన చోట ఇంకొకటి వచ్చింది.

బియ్యం నానుతాయి, వానలో బట్టలు నానుతాయి. నీళ్లు పీల్చుకుని మెత్తబడటమో తడిసిపోవడమో నానడం. ఊరడంలో రాకపోకలు రెండూ ఉంటాయి. ఉప్పూ పులుపూ లోపలికి దిగుతాయి, లోపలి రసం బయటికి వస్తుంది. బావిలో నీరు ఊరడం, నోరూరడం, ఊరగాయ, అన్నిటా ఉన్నది ఈ ఊరడమే. మాంసానికి ఉప్పు, నిమ్మరసం పట్టించి వదిలేస్తే కాసేపటికి గిన్నె అడుగున పల్చగా ఎర్రటి నీరు చేరుతుంది. అది ఊరిందనడానికి గుర్తు. కనుక ఊరబెట్టాలి అనండి, ఊరవేయాలి అన్నా సరే. ముక్కలు పూర్తిగా మునిగేలా ఉప్పునీళ్లు పోసినప్పుడైతే నానబెట్టడం కూడా చెల్లుతుంది. ‘ఊరించాలి’ అని మాత్రం రాయకండి. వ్యాకరణం అడ్డు చెప్పకపోయినా, వాడుకలో అది ఆశపెట్టడానికి స్థిరపడిపోయింది. మాంసం మనల్ని ఊరిస్తుంది గానీ మనం దాన్ని ఊరించం.

పనిలో పనిగా ఆ ‘రాత్రంతా’ కూడా మూలంలో మరోసారి చూసుకోండి. పులుపు ఎక్కువగా ఉంటే అంతసేపట్లో ముక్క పైపొర పిండిపిండిగా అయిపోతుంది. లోతుకు దిగేది ఉప్పే.

ఇక వేయించడం. వంకాయను మూకుట్లో నూనె వేసి తిప్పితే వేయించామంటాం, నిప్పుల మీద పెడితే కాల్చామంటాం. తేడా నూనెలో ఉందనుకునేరు. పల్లీలను నూనె చుక్క లేకుండానే వేయిస్తాం కదా! వేయించడానికి కావలసింది పాత్ర, అందులో కలియబెట్టడం. సెగ నేరుగా తగిలి పైన మచ్చలు పడితే అది కాల్చడం. రొట్టెను పెనం మీద వేసినా కాల్చామనే అనడం ఆ మచ్చల వల్లే. మీ మాంసం మధ్యలో మూకుడు లేకుండా నిప్పుల మీదికే వెళుతోంది కాబట్టి కాల్చాలి.

అయితే ‘జింకను కాల్చి’ అని రాశారో, ఇంకో చిక్కు. తుపాకీతో కాల్చారా, నిప్పుల మీద కాల్చారా? వేట గురించిన పుస్తకంలో రెండూ జరుగుతాయి, ఒక్కోసారి ఒకే పేజీలో. జంతువు పేరు పక్కన ‘మాంసాన్ని’ చేర్చండి, లేదా ‘నిప్పుల మీద’ అని ముందే చెప్పండి.

బొగ్గులు అన్నది తప్పు కాదు గానీ నిప్పులు అంటే ఇంకా బాగుంటుంది. చల్లారినా బొగ్గు బొగ్గే, రాజుకుంటేనే నిప్పు. మంట వేరు, సెగ వేరు. ఈ పనికి కావలసింది సెగ. బొగ్గులు బాగా రాజుకుని, మంట తగ్గి, పైన బూడిద పొర కట్టినప్పుడు ముక్కలు పెడతారు. ఆ పొరే నివురు. పత్రికల్లో దాగిన ప్రమాదానికి వాడీ వాడీ అరగదీసిన ‘నివురుగప్పిన నిప్పు’ మీ పుస్తకంలో అచ్చంగా అసలు అర్థంతోనే పనికొస్తుంది. అడవి జంతువుల మాంసంలో కొవ్వు తక్కువ, త్వరగా ఎండి పీచుకడుతుంది. అందుకే కాలుతున్నంతసేపూ నూనె రాస్తుంటారు. అక్కడ ‘రాస్తూ’ చాలు, ‘పూత పూస్తూ’ అంటే గోడకు సున్నం వేస్తున్నట్టుంటుంది.

వేటమాంసం దగ్గర జాగ్రత్త. వేటాడి తెచ్చిన మాంసమని మీ ఉద్దేశం. కోస్తా జిల్లాల్లో చాలామందికి మాత్రం అది మామూలు మేకమాంసం. ‘వేటాడిన జంతువు మాంసం’ అనో, ఏకంగా జింక, అడవిపంది అని పేరు పెట్టో రాయండి. ఊచకు గుచ్చి కాల్చిన మాంసానికి అమరకోశం శూలాకృతం, భటిత్రం, శూల్యం అని మూడు పేర్లు చెప్పి, కుండలో వండినదాన్ని ఉఖ్యం, పైఠరం అని విడిగా చూపించింది. చూసి ముచ్చటపడండి గానీ వాడకండి, పాఠకుడు పొయ్యి వదిలేసి నిఘంటువు వెతుక్కుంటాడు.

‘మీడియం రేర్’ (పైన కాలి, లోపల ఇంకా ఎర్రగా ఉండటం) లాంటివి ఎదురైతే అలాగే ఉంచండి. ‘సగం కాలిన’ అంటే వంట చెడిందనుకుంటారు. పక్కనే లోపలి వేడి ఎంత ఉండాలో అంకెల్లో రాయండి. అడవిపంది మాంసంలో ట్రైకినెల్లా అనే పురుగు ఉండవచ్చు కాబట్టి ముక్క మధ్యలో 71 డిగ్రీల సెల్సియస్ రావాలి. అక్కడ ‘బాగా కాలేవరకు’ అని సరిపెట్టవద్దు, పైన నల్లబడినా లోపల పచ్చిగా ఉండొచ్చు.