రోటా టీకా వేయించినా పాపకు విరేచనాలు పట్టుకున్నాయి, సెలైన్ పెట్టించాలా?

ఎనిమిది నెలల పాపకు మూడు డోసులూ పడ్డాయి, అయినా నిన్నటి నుంచి వాంతులు, నీళ్ల విరేచనాలు, డాక్టరుగారు యాంటీబయాటిక్ కూడా రాయలేదు అన్నారు. రాయకపోవడమే మంచిదండి. రోటా లాంటి వైరస్‌ల మీద అది పనిచేయదు, పైగా విరేచనాలు పెరగొచ్చు. విరేచనాలు కట్టేసే మందులు ఈ వయసులో అసలు వద్దు. రోటానా కాదా అని మలం పరీక్షకు డబ్బు పెట్టక్కర్లేదు. ఏది తేలినా వైద్యం మారదు.

పాప తాగగలుగుతుంటే సెలైన్ అక్కర్లేదు, ఓఆర్‌ఎస్ (గ్లూకోజు, ఉప్పు కలిసిన పొడిని నీళ్లలో కలిపింది) చాలు. వైరస్ చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది కాబట్టి ఉత్త నీళ్లు సరిగా ఒంటపట్టవు. గ్లూకోజు, ఉప్పు సరైన పాళ్లలో కలిసి వెళ్తేనే పేగు లాక్కుంటుంది, వాటి వెంటే నీరూ వెళ్తుంది. ఎక్కువమంది పొరబడేది కలపడంలోనే. లీటరు ప్యాకెట్‌ని కొంచెం కొంచెంగా గ్లాసులో వేసి కలుపుతుంటారు. ఒకసారి ఉప్పు ఎక్కువ, ఒకసారి తక్కువ. ప్యాకెట్ మొత్తం ఒకేసారి, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో కలపండి. 24 గంటల తర్వాత పారబోయండి. టెట్రా ప్యాకుల్లోని తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. వాటిలోని చక్కెర పేగులోకి నీటిని లాగి విరేచనాలు పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డబ్బాల మీద ‘ఓఆర్‌ఎస్’ అన్న పేరు వాడకూడదంది.

విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంటే పావు గ్లాసు నుంచి అర గ్లాసు. సీసాతో వద్దు, చెంచాతో పట్టండి, నిమిషానికో చెంచా. కక్కేస్తే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి, ఇంకాస్త నిదానంగా. తల్లిపాలు ఆపొద్దు. మెత్తటి అన్నం, పప్పు పెట్టొచ్చు. జింక్ రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. మూడోరోజుకే విరేచనాలు తగ్గినా మానొద్దు.

టీకా వృథా కాలేదు. హైదరాబాద్‌లో తయారయ్యే రోటావాక్ అనే రోటా టీకా మీద మన దేశంలో జరిగిన పరీక్షల్లో, మొదటి ఏడాది తీవ్రమైన రోటా విరేచనాలు సుమారు 56 శాతం తగ్గాయి. జబ్బు రావచ్చు, ముదిరే అవకాశం తగ్గుతుంది. టీకా రాకముందు రోటా వల్ల దేశంలో ఏటా 8 లక్షలకు పైగా ఆసుపత్రి చేరికలు, దాదాపు 78 వేల మరణాలు ఉండేవని అంచనా. అందుకే 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో ఈ టీకాను ఉచితంగా మొదలుపెట్టారు. కూలి కుటుంబానికి మూడు రోజుల ఆసుపత్రి అంటే బిల్లొక్కటే కాదు, ఇద్దరి కూలీ, ఆటో ఛార్జీలు, తిండి ఖర్చు, కొన్నిసార్లు వడ్డీకి తెచ్చిన అప్పు. ఓఆర్‌ఎస్, జింక్ పీహెచ్‌సీలో, ఆశా దగ్గర డబ్బు లేకుండా ఇస్తారు.

కళ్లు లోపలికి పోయినా, మాడు గుంటపడినా, పొట్టమీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకున్నా, ఆరు గంటలు ఉచ్చ పోయకపోయినా, మగతగా ఉండి తాగలేకపోయినా, మలంలో రక్తం పడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మెలకువగా ఉండి మింగగలుగుతుంటే దారిలో కూడా చెంచాతో పడుతూనే ఉండండి.