అన్నీ సాధించినా లోపల ఖాళీగా ఉంటే డెప్త్ థెరపీ ఏం చేస్తుంది?

ప్రమోషన్ వచ్చిన సాయంత్రానికే మనసు బోసిపోతోందంటే, నాలుగు రోజులు సెలవు పెట్టినంత మాత్రాన తీరదు. అయితే ముందు థైరాయిడ్, రక్తహీనత, డిప్రెషన్ లాంటివి లేవని డాక్టరు దగ్గర తేల్చుకోండి.

డెప్త్ థెరపీ అంటే మనసు లోతుల్లో దాగిన కారణాలను థెరపిస్టుతో మాట్లాడుతూ వెతికే చికిత్స. ఇది సాధారణంగా వారానికి ఒకటి రెండు సార్లు, 45–50 నిమిషాలు, నెలలు పడుతుంది. ‘గెలిస్తేనే నాకు విలువ’ అన్న లెక్క ఎక్కడ మొదలైందో అందులో వెతుకుతారు. చిక్కేమిటంటే, ఇలాంటివాళ్లు అక్కడా ఫస్టు ర్యాంకే కావాలంటారు: పాయింట్లు రాసుకొస్తారు, థెరపిస్టు మెప్పుకోసం చూస్తారు, కాస్త మౌనం వస్తే చాలు, గబగబా మాటలతో నింపేస్తారు. అసలు సరుకంతా ఆ మౌనంలోనే ఉంటుంది. ‘ఇవాళ చెప్పడానికేం లేదు’ అనిపించిన రోజు సెషన్ ఎగ్గొట్టకండి. వెళ్లి ఆ మాటే చెప్పండి.

చనిపోవాలన్న ఆలోచనలొస్తుంటే మాత్రం ఇదంతా తర్వాత, వెంటనే సైకియాట్రిస్టును కలవాలి.