మైలేజ్ పెరుగుతుందని ఎగ్జాస్ట్ మార్పిస్తే తగ్గింది, కేసు వేయొచ్చా?

ప్రశ్న: సార్, నా టర్బో పెట్రోల్ కారుకి ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్ (పొగ అడ్డు లేకుండా పోయే సైలెన్సర్) పెట్టించి, ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో ఫైల్ మార్పించడం) చేయించి 20 నెలలైంది. పవర్‌తో పాటు మైలేజ్ కూడా పెరుగుతుందని ట్యూనర్ నమ్మకంగా చెప్పాడు. 15 ఇచ్చే బండి 11కి పడిపోయింది. ఇంట్లో రోజూ గొడవే, ఫ్రెండ్స్ ఎగతాళి చేస్తున్నారు. ఈమధ్య టర్బో నుంచి సౌండ్ కూడా వస్తోంది. ట్యూనరేమో ఈసీయూలో కంపెనీ పాత ఫైల్ ఎక్కించి ఇస్తా, షోరూమ్‌లో వారంటీ అడుగు అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ఇంట్లో గొడవ సంగతి పక్కన పెడదాం, మైలేజ్ పెరుగుతుందని అతను ఎక్కడ చెప్పాడు? నోటితోనా, వాట్సాప్‌లోనా, బిల్లు మీదా? కేసంతా ఇక్కడే ఉంది. మీ లెటర్ అంతా చదివినా బిల్లు మాట ఎక్కడా లేదు, తీసుకోలేదనే అనుకుంటున్నా, అంత డబ్బు పెట్టి ఒక కాగితం ముక్క అడగకపోతే ఎలాగండీ? సరే, యూపీఐలో కట్టుంటే ఆ ఎంట్రీ, చాట్, వాయిస్ మెసేజ్‌లు వెతకండి. చాట్‌ని సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి.

మైలేజ్ ఎందుకు పడిందో అవతలి లాయర్ ఎలాగూ అడుగుతాడు. పెట్రోల్ పూర్తిగా మండాలంటే గాలి 14.7 పాళ్లకి పెట్రోల్ ఒక పాలు, పవర్ కోసం ట్యూన్ చేసేవాళ్లు ఫుల్ లోడ్‌లో పెట్రోల్ ఇంకా పెంచుతారు, బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) కూడా పెంచుతారు, అది తాగక ఏం చేస్తుంది. ఒట్టి ఎగ్జాస్ట్ మార్చినందుకు మైలేజ్‌లో పెద్ద తేడా రాదు, కానీ ఆ సౌండ్ వింటే కాలు ఊరుకోదు కదా! "డ్రైవింగ్ వల్లే" అని వాళ్లు అనేది అందుకే. మీటర్‌లో చూపించే 11 కూడా నమ్మకండి, అది ఇంజెక్టర్ లెక్కల నుంచి వచ్చే అంచనా, రీమ్యాప్‌లో ఆ లెక్కలు మారుంటే అదీ తప్పుతుంది. ట్యాంక్ ఫుల్ చేయించి, మళ్లీ ఫుల్ చేయించి, కనీసం మూడుసార్లు బంక్ రసీదులు, ఓడోమీటర్ ఫోటోలతో లెక్క కట్టండి.

ఇక పాత ఫైల్ ఎక్కించి వారంటీ అడగడం. పొరపాటున కూడా చేయకండి. చాలా కార్లలో ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారో (ఫైల్ మార్చారో) ఈసీయూలో నమోదై ఉంటుంది, దొరికితే వారంటీ పోవడమే కాదు, నిజం దాచి లాభం పొందాలని చూశారని చీటింగ్, అంటే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 318 దాకా లాగొచ్చు. పైగా ట్యూనర్ మీద మీకున్న అసలు సాక్ష్యం ఇప్పుడు బండిలో ఉన్న రీమ్యాప్ ఫైలే, దాన్ని అతని చేతే చెరిపించుకుంటారా? ఎందుకంత ఉదారంగా ఫ్రీగా చేస్తానంటున్నాడో ఆలోచించండి.

ఇంకోటి, కన్స్యూమర్ కమిషన్‌లో కంప్లైంట్‌కి గడువు 2 ఏళ్లు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69. బండి ఇచ్చిన రోజు నుంచే లెక్కేసుకోండి, అంటే మిగిలింది 4 నెలలే. లాయర్ నోటీసు పంపితే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు, ఆగదు. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు గానీ బద్ధకం కారణం కాదు.

మీ తప్పు కూడా ఒకటుంది. కంపెనీ స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కుదరదు, 182ఎ కింద ఓనర్‌కి 6 నెలల దాకా జైలు రాసుంది. పొగలో విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పీకేసుంటే ఇంకా ఇబ్బంది. కంప్లైంట్‌లో ఇది దాచకండి, "చట్టబద్ధమే, మైలేజ్ పెరుగుతుంది అని నమ్మించాడు" అనే రాయండి, అది కూడా చాట్‌లో ఉంటేనే.

ముందు వేరే వర్క్‌షాప్‌లో ఈసీయూ ఫైల్, ఫ్యుయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత సర్దుతోందో చెప్పే) రీడింగ్‌లు తీయించి సంతకంతో రిపోర్ట్ తీసుకోండి. ఆ తర్వాతే ఒరిజినల్ ఎగ్జాస్ట్ బిగించండి, స్క్రాప్‌కి అమ్మేయలేదు కదా? మీరుండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, లాయర్ లేకపోయినా పర్లేదు. కట్టిన డబ్బు, బండిని మామూలు చేయించిన ఖర్చు అడగండి, అదనంగా తాగిన పెట్రోల్ లెక్క వద్దు, నిరూపించలేరు. టర్బో సంగతి రిపోర్ట్ వచ్చాక చూద్దాం. చాట్ మాత్రం ఈ రాత్రికే ఎక్స్‌పోర్ట్ చేయండి, డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉందేమో ముందు చూడండి.