అమ్మకు ఐదు, నాకు ఐదున్నర

మొన్న హన్మకొండ నుంచి అమెరికాకు ఎమ్మెస్ చదవడానికి వచ్చిన ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ఇంటి దగ్గర రోజూ ప్రార్థన చేసేవాణ్ణి, ఇక్కడికొచ్చి నాలుగు నెలలైంది, బైబిల్ ఇంకా సూట్‌కేసులోనే ఉంది, నాకేమైంది?" అన్నాడు. ఏమీ కాలేదు తమ్మీ. ఇంటి దగ్గర పొద్దున్నే అమ్మ లేపేది, ఆదివారం చర్చి గంట వినపడేది, ఒక్క వారం పోకపోతే పక్కింటి ఆంటీ "ఏం బిడ్డా, కనపడలే" అని అడిగేది, డిసెంబరు వచ్చిందంటే అర్ధరాత్రి పాటలు పాడుకుంటూ జనం వచ్చి తలుపు కొట్టేవాళ్లు. ఆ అలవాటులో సగం నీది, సగం వాడకట్టుది. విమానం ఎక్కింది నీ సగమే.

నేను చికాగో దగ్గర దిగి పదిహేనేళ్లు దాటింది. మొదటి ఏడాది నా సంగతీ ఇంతే. కారు లేదు, తెలుగు క్రైస్తవ సంఘం పద్నాలుగు మైళ్ల దూరం, మావైపు ఆదివారం బస్సు లేదు. రెండు వారాలు యూట్యూబ్‌లో వాక్యం (చర్చిలో చెప్పే ప్రసంగం) విన్నాను, మూడోవారం వాక్యం వింటూ బట్టలు ఉతుక్కున్నాను, నాలుగోవారానికి బట్టలే మిగిలాయి. మాది బాప్టిస్టు కుటుంబం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1879లో హన్మకొండలో పని మొదలుపెట్టారు, వాళ్ల దేశానికే వచ్చి ప్రార్థన మానేశానని అమ్మకు ఏ నోటితో చెప్పను? అందుకే ఫోన్లో "ఆఁ, చేస్తున్నా" అనేవాణ్ణి.

మళ్లీ మొదలైంది నాన్న గుర్తుకొచ్చాక. ఆయన కాజీపేటలో రైల్వే ఉద్యోగి, షిఫ్టు డ్యూటీ. డ్యూటీకి బయల్దేరేటప్పుడు చెప్పులు వేసుకుని, టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని, గడప దగ్గర రెండు నిమిషాలు నిలబడి కళ్లు మూసుకునేవాడు. మోకాళ్లూనేది లేదు, కీర్తన లేదు, చిన్నప్పుడు నాకది ఎగ్గొట్టే ప్రార్థనలా కనిపించేది. ఆయన డ్యూటీ ఒక వారం పగలు, ఒక వారం రాత్రి, ఏ టైం పెట్టుకున్నా నిలిచేది కాదు, కానీ డ్యూటీకి పోవాలంటే గడప దాటక తప్పదు కదా. ఆ గడపకే ప్రార్థనను కట్టేసుకున్నాడని నాకు ముప్పై ఏళ్లు దగ్గరపడ్డాక గానీ తట్టలేదు.

మీలో చాలామంది దిగిన వారంలోనే తెల్లవారుజామున నాలుగింటికి లేచి గంటసేపు ప్రార్థన చేస్తామని తీర్మానం చేసుకుంటారు. అసైన్‌మెంట్లు, క్యాంపస్ ఉద్యోగం, ఐదుగురికి ఒక బాత్రూమ్, పదిరోజులు కూడా నడవదు. తప్పిన రోజు బాధేస్తుంది, రెండోసారి తప్పితే సిగ్గేస్తుంది, ఇక ఆ సిగ్గుతో దేవుడికే మొహం చాటేస్తాం. బైబిల్లో దానియేలు రోజుకు మూడుసార్లు మోకాళ్లూని ప్రార్థన చేశాడని సండేస్కూల్లో అందరం నేర్చుకున్నాం, అయితే అంతకుముందు చేస్తూ వచ్చినట్టే చేశాడని కూడా అక్కడే రాసి ఉంది. తనకు తప్ప ఎవరికీ మొక్కొద్దని రాజు శాసనం వచ్చిన పూట కొత్తగా పట్టుకున్న అలవాటైతే సింహాల గుహ దాకా నిలబడేదా? కాబట్టి రెండు నిమిషాలతో మొదలుపెట్టండి, రోజూ ఎలాగూ చేసే పనికి తగిలించండి, బస్సు కోసం నిలబడ్డప్పుడో, అన్నం కుక్కర్ పెట్టాకనో. రూమ్మేట్లు ఏమనుకుంటారో అని టెన్షన్ వద్దు. నా రూమ్మేట్ ములుగు వైపు అబ్బాయి, సమ్మక్క సారలమ్మలకు మొక్కుకునేవాడు, నేను కళ్లు మూసుకుంటే టీవీ సౌండ్ తగ్గించేవాడు.

ఒక్కడివే చేస్తే మాత్రం అది ఎక్కువకాలం నిలవదు, సంఘం కావాలి. మెదక్ చర్చి చూస్తూ పెరిగినవాళ్లకు (1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన చర్చి అది, నూరేళ్లు దాటింది) ఇక్కడ అద్దె హాల్లో, ఇంగ్లీషు ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం రెండింటికి, మడతకుర్చీలు వేసుకుని జరిగే ఆరాధన చర్చిలాగే అనిపించదు. అనిపించకపోయినా వెళ్లండి. కారున్నవాళ్లను లిఫ్ట్ అడగండి, మొహమాటపడకండి, మమ్మల్నీ అలాగే ఎవరో తీసుకెళ్లారు. వెళ్లాక ఒక పని అడిగి తీసుకోండి, కుర్చీలు సర్దడమో, భోజనాల తర్వాత గిన్నెలు కడగడమో. వాక్యం విని వెళ్లిపోయేవాళ్లు ఆరునెలల్లో జారిపోవడం, గిన్నెలు కడిగినవాళ్లు మిగలడం నేను ఏటా చూస్తున్నాను. ఫాతిమానగర్ నుంచి వచ్చిన కేథలిక్కులకు ఈ బాధ కాస్త తక్కువ, దగ్గర్లో ఏదో ఒక చర్చిలో వారం మధ్యలో కూడా పూజ ఉంటుంది, చేతిలో జపమాల ఉండనే ఉంది.

ఇక మార్చి నెల. హెచ్‌వన్ (ఇక్కడ ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే వీసా) లాటరీ రిజిస్ట్రేషన్ అప్పుడే కాబట్టి ఆ నెలలో ఉపవాస ప్రార్థనకు కుర్చీలు చాలవు. ఏప్రిల్లో సగం ఖాళీ. పేరు వచ్చినవాళ్లు దేవుడు మేలు చేశాడని అందరి ముందు సాక్ష్యం చెప్పి, స్వీట్లు పంచి, నెమ్మదిగా మాయమవుతారు. వాళ్లకన్నా నాకు రానివాళ్ల గురించే దిగులు. అందరూ తన పేరు పెట్టి ప్రార్థన చేశారు, అయినా రాలేదు, ఇప్పుడు ఏ మొహంతో పోవాలి అనుకుంటారు. నాకు రెండుసార్లు రాలేదు. రెండోసారి మూడు వారాలు పోలేదు, సంఘంలో ఒక పెద్దావిడ ఫోన్ చేసి లాటరీ మాటే ఎత్తకుండా "ఆదివారం పులిహోర నేనే చేస్తున్నా, చింతపండు పిసకడానికి ఒక మనిషి కావాలి" అంది. వెళ్లి పిసికాను. ఆ రోజు నేను చేసిన ప్రార్థన అదే అనుకుంటాను. మీరు రాకపోతే ఇలా ఫోన్ చేసే మనుషులు ఇద్దరైనా ఉండాలి, మీరు కూడా ఇంకెవరికో అలా ఫోన్ చేయాలి. వాట్సాప్‌లో రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఆమెన్ అనడం ఆ లెక్కలోకి రాదు. ఫోన్లో అందరూ కలిసి ప్రార్థన చేసే ప్రేయర్ లైన్లు మంచివే, ఒక్కటి చాలు, నాలుగింట్లో చేరి నాలుగింట్లోనూ నిద్రపోయినవాళ్లు నాకు తెలుసు.

చిన్నమాట ఇంకోటి. అప్పు చేసి చదువుకుంటున్న పిల్లల్ని దశమభాగం (రాబడిలో పదోవంతు కానుక) కోసం ఒత్తిడి పెట్టేచోట ఉండకండి. "మీదేం ఊరు, మీవాళ్లెవరు" అని చుట్టూ తిప్పి కులం ఆరా తీసేవాళ్లు ఇక్కడి సంఘాల్లో కూడా తగులుతారు, ఊరి పేరు చెప్పి ఊరుకోండి.

నా గడప ఇప్పుడు కారు. ఆఫీసు అయ్యాక ఐదున్నరకు పార్కింగ్‌లో కూర్చుంటాను, చలికాలంలో ఆ టైముకు హన్మకొండలో సరిగ్గా తెల్లవారుజామున ఐదు, అమ్మ లేచి మోకాళ్లూనే వేళ. ఫోన్ కలుపుతాను, కాసేపు ఆమె, కాసేపు నేను, పెట్టేస్తాం. చిక్కల్లా మార్చి రెండో ఆదివారంతోనే, ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరిపేస్తారు, నాకు ఐదున్నర అయ్యేసరికి అక్కడ ఇంకా నాలుగే. పోయిన ఏడాది ఆ గందరగోళంలో పది రోజులు తప్పిపోయింది, అందుకని ఈసారి ముందే చెప్పాను.

"గడియారం గూడ జరుపుకుంటరా బిడ్డా మీరు? సరే తియ్యి, నేనే నాలుగింటికి లేస్త."

"వద్దమ్మా, నేనే గంటసేపు ఆగుతా" అన్నాను.