మా వాడిది అతుకులేసే ఉద్యోగమా?

ప్రశ్న: నేను ప్రకాశం జిల్లాలో హైస్కూలు ఉపాధ్యాయుణ్ణి. మా అబ్బాయి గుంటూరులో బీటెక్ సీఎస్‌ఈ చివరి సంవత్సరం చదువుతున్నాడు. హైదరాబాద్‌లో డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో కలిపి ఇచ్చే బయటివాళ్ల లైబ్రరీల్లో (రెడీమేడ్ కోడ్ ముక్కల్లో) భద్రతా లోపాలు బయటపడితే ఆ సంగతి చూసుకోవడం పనట. ఎవరో రాసిన కోడ్‌కు అతుకులేయడానికా ఇంత చదివించింది? మా బావమరిది కొడుకు ఎథికల్ హ్యాకింగ్ (అనుమతితో దాడి చేసి లోపాలు కనిపెట్టే విద్య) నేర్చుకుంటున్నాడు. అప్పు చేసైనా మా వాణ్ని అందులో చేర్పిద్దామనుకుంటున్నాను. రెంటిలో ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: మాస్టారూ, ప్లేస్‌మెంట్ల కాలం వచ్చిందంటే ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నా దగ్గరకు వస్తూనే ఉంటుంది. టెస్టింగ్ ఉద్యోగమేనా, సపోర్టేనా, మెయింటెనెన్సేనా అని. అడిగేది కోర్సు గురించే అయినా లోపలి బెంగ వేరు. పెళ్లిలో ఎవరైనా "మీ వాడేం చేస్తున్నాడు?" అంటే ఒక్క ముక్కలో చెప్పుకోవడానికి ఈ ఉద్యోగానికి పేరు లేదు. ఎథికల్ హ్యాకర్ అంటే విన్నవాళ్లే కళ్లు పెద్దవి చేసుకుంటారు. ఆ బెంగను నేను తప్పుపట్టను. దాన్ని తీర్చుకోవడానికి అప్పు చేస్తానంటేనే తప్పుపడతాను.

ఏ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేరూ మొత్తం సొంతంగా రాసుకున్నది కాదు. బొమ్మలు తెరవడానికి ఒక లైబ్రరీ, జిప్ ఫైళ్లు విప్పడానికి ఒకటి, నెట్‌కు కలవడానికి ఇంకొకటి, అన్నీ సెటప్ ఫైల్‌లోనే కూర్చి పంపుతారు. వెబ్‌సైట్‌లో లోపముంటే సర్వర్‌లో సరిచేస్తే అందరికీ సరవుతుంది. ఇక్కడ అలా కుదరదు. కొత్త వెర్షన్ విడుదల చేయాలి, అది ఒక్కో కంప్యూటర్‌కూ చేరాలి, "తర్వాత గుర్తుచేయి" అని నొక్కేవాళ్లనూ దాటాలి.

2019 ఫిబ్రవరిలో చెక్ పాయింట్ అనే సైబర్ భద్రతా కంపెనీ పరిశోధకులు, ఫైళ్లను కుదించి విప్పే విన్‌రార్‌లో ఒక లోపం బయటపెట్టారు. (ట్రయల్ గడువు అయిపోయిందన్న కబురును మూసేస్తూ ఏళ్ల తరబడి మనందరం వాడుకున్న విన్‌రారే.) తప్పు విన్‌రార్ వాళ్లు రాసిన కోడ్‌లో లేదు. ఏస్ అనే పాత రకం ఫైళ్లు విప్పడానికి కలిపి ఇస్తున్న ఒక డీఎల్‌ఎల్‌లో (విండోస్‌లో లైబ్రరీ ఫైల్‌ను అలా అంటారు) ఉంది. 2006లో కంపైల్ చేసిన ఫైల్ అది. ఏస్ ఫైల్‌కు రార్ అని పేరు పెట్టి పంపితే చాలు, దాన్ని విప్పినవాడి స్టార్టప్ ఫోల్డర్‌లోకి (కంప్యూటర్‌లోకి లాగిన్ కాగానే వాటంతటవే నడిచే ప్రోగ్రామ్‌లు ఉండే చోటికి) ఏ ప్రోగ్రామ్‌నైనా జారవిడవచ్చు. సరిచేద్దామంటే ఆ డీఎల్‌ఎల్ సోర్స్ కోడ్, అంటే చదివి మార్చగలిగే అసలు కోడ్, విన్‌రార్ వాళ్ల దగ్గర లేదు. ఆ ఫైల్‌ను తీసిపారేసి, ఏస్ ఫైళ్లు ఇక విప్పలేమని ప్రకటించారు. మీరన్న అతుకు వేయడానికి అక్కడ గుడ్డే లేదు.

దీనికి పూర్తిగా ఎదురు జరిగింది వీడియోలు చూపించే వీఎల్‌సీ ప్లేయర్‌కు. అదే ఏడాది జులైలో జర్మనీ ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం వీఎల్‌సీలో తీవ్రమైన లోపముందని హెచ్చరించింది. వెంటనే తీసేయండంటూ వార్తలొచ్చాయి. తీరా చూస్తే లోపం లిబ్‌ఈబీఎంఎల్ అనే బయటి లైబ్రరీది. దాన్ని ఏడాదికి ముందే సరిచేశారు. 3.0.3 వెర్షన్ నుంచీ వీఎల్‌సీతో వస్తున్నది సరిచేసిన లైబ్రరీయే. ఫిర్యాదు చేసిన వ్యక్తి ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ పాత వెర్షన్‌లో, పాత లైబ్రరీతో పరీక్షించారు.

మీ అబ్బాయి నేర్చుకోబోయేది ఈ రెంటి మధ్య తేడాను పట్టుకోవడం. ఒక లైబ్రరీలో లోపం ఉందని లోకమంతా చెబుతుంది. మన సాఫ్ట్‌వేర్ ఆ లైబ్రరీలోని ఆ ఫంక్షన్‌ను పిలుస్తోందా? బయటినుంచి వచ్చిన ఫైల్ అక్కడిదాకా చేరుతుందా? ఇవాళే విడుదల చేయాలా, వచ్చే వెర్షన్‌దాకా ఆగొచ్చా? కొత్త వెర్షన్ పెడితే పాత కస్టమర్ల ఫైళ్లు తెరుచుకుంటాయా? వీటికి జవాబు చెప్పాలంటే సీ, సీ++ కోడ్ చదవడం రావాలి, బిల్డ్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా కూర్చడం) ఎలా జరుగుతుందో తెలియాలి. అసలు మన సెటప్‌లో ఏమేం ఉన్నాయో జాబితా ఉండాలి. అంత తేలికైన పనేం కాదు. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ అనే రకం బొమ్మలు తెరిచే లైబ్రరీలో దొరికిన లోపాన్ని మొదట క్రోమ్ లోపంగానే నమోదు చేశారు. అదే లైబ్రరీ ఫైర్‌ఫాక్స్‌లోనూ, ఎలక్ట్రాన్ అనే సాధనంతో కట్టిన డెస్క్‌టాప్ యాప్‌లన్నిటిలోనూ ఉంది. జాబితా ఉన్న కంపెనీలు వెంటనే చూసుకున్నాయి. లేనివాళ్లకు అది తమ సమస్య కూడా అని తెలియడానికే సమయం పట్టింది.

ఈ పనికి చట్టం అండ కూడా వస్తోంది. యూరప్‌లో సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు, దాడులకు వాడుతున్న లోపం తమ ఉత్పత్తిలో ఉందని తెలిసిన 24 గంటల్లో మొదటి హెచ్చరిక పంపాలన్నది అక్కడి సైబర్ రెజిలియన్స్ చట్టంలోని నిబంధన. 2026 సెప్టెంబరు 11 దానికి పెట్టిన తేదీ. మన దేశ ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ కూడా 2024 అక్టోబరులో సాఫ్ట్‌వేర్ భాగాల జాబితాలపై మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇక హ్యాకింగ్ కోర్సు. నైపుణ్యంగా దాన్ని గౌరవిస్తాను. దాన్ని అమ్మే తీరుపైనే నా అనుమానమంతా. అమీర్‌పేటలో బోర్డులు చూడండి: ముసుగు వేసుకున్న మనిషి, పచ్చ అక్షరాలు, "నూరు శాతం ప్లేస్‌మెంట్". లోపల నేర్పేది చాలాచోట్ల రెడీమేడ్ టూల్స్ నడపడం. నెట్‌వర్కింగ్ మీద గట్టి పట్టు లేకుండా, ఒక ప్రోగ్రామ్ మెమరీని ఎలా వాడుకుంటుందో తెలియకుండా టూల్ నడిపితే వచ్చేది రిపోర్టే. అందులో ఏది నిజమో చెప్పగలిగినవాడికే జీతమిస్తారు. బగ్ బౌంటీలో (లోపం కనిపెట్టినవాళ్లకు కంపెనీలు ఇచ్చే బహుమతిలో) లక్షలు అంటారు. గెలిచినవాళ్ల పోస్టులే మీ ఫోన్‌కు వస్తాయి, నెలల తరబడి ఏమీ దొరకనివాళ్లు పోస్టులు పెట్టరు. పైగా ఇప్పుడు ఏఐతో రాయించిన ఉత్తుత్తి రిపోర్టులు వెల్లువెత్తుతున్నాయని నెట్‌లో డేటా పంపడానికి వాడే కర్ల్ అనే సాఫ్ట్‌వేర్ సృష్టికర్త డేనియల్ స్టెన్‌బర్గ్ లాంటివాళ్లు 2024 నుంచీ మొత్తుకుంటున్నారు. కొత్తగా దిగే కుర్రాడి రిపోర్టును ఆ గుట్టలోంచి తీసి ఓపిగ్గా చదివేదెవరు?

మాస్టారూ, ఇంకో మాట. మీ ఉత్తరంలో బావమరిది కొడుకున్నాడు, చేయబోయే అప్పుంది. మీ అబ్బాయి ఏమంటున్నాడో ఒక్క వాక్యం లేదు. పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు ఇలా వస్తే బడిలో మీరే కూర్చోబెట్టి చీవాట్లు పెట్టి ఉంటారు. ఆ ఉద్యోగం వాడు తెచ్చుకున్నది. ఇంటర్వ్యూలో ఏం అడిగారో, ఏం నచ్చిందో ముందు వాణ్ని అడగండి.

మీ భయం పూర్తిగా ఉత్తదని కూడా అనను. లోపాలు వెతికే స్కానర్ ప్రోగ్రామ్ ఇచ్చిన ఎక్సెల్ షీట్‌ను ఈమెయిల్‌లో ముందుకు తోయడమే పనైతే, మీరన్నట్టు అది ఎదుగూబొదుగూ లేని ఉద్యోగమే. లైబ్రరీ వెర్షన్ నంబరు మార్చే పనిని డిపెండబాట్ లాంటి ఆటోమేటిక్ టూల్స్ ఇప్పటికే చేస్తున్నాయి. అందుకే చేరేముందు వాణ్ని మేనేజరును అడగమనండి: కొత్తవాళ్లకు సోర్స్ కోడ్ చూసే వీలుంటుందా, "ఈ లోపం మనకు తగలదు" అని రాసేటప్పుడు కారణం ఎవరు తేలుస్తారు, అత్యవసర విడుదల అంటే ఈ టీమ్ మాట చెల్లుతుందా. సూటిగా జవాబొస్తే చేరడమే. నీళ్లు నమిలితే ఇంకో ఉద్యోగం చూసుకోవాలి. అప్పుడు కూడా ఆ కోర్సు జోలికి వెళ్లొద్దు.

పోల్చమన్నారు కాబట్టి చెబుతున్నా. మొదటి రెండేళ్లలో పేరు కోర్సుకు, పునాది ఉద్యోగానికి. ఈ పని చేసినవాడు తర్వాత ప్రొడక్ట్ సెక్యూరిటీలోకో (కంపెనీ ఉత్పత్తుల భద్రత చూసే పనిలోకో), లోపాలు వెతికే పరిశోధనలోకో, ఏమీ కాకపోతే మంచి సీ++ డెవలపర్‌గానో వెళ్లగలడు. ఒట్టి సర్టిఫికెట్‌తో అటునుంచి ఇటు రావడం కష్టం. దాడి చేసే విద్య కూడా కావాలంటే పోర్ట్‌స్విగ్గర్ వెబ్ సెక్యూరిటీ అకాడమీ ఉచితమే, సాయంత్రాలు చేసుకోవచ్చు. ఏడాది గడిచాక కూడా ఆసక్తి ఉంటే ఓఎస్‌సీపీ లాంటి, హ్యాకింగ్‌ను చేతులతో చేసి చూపించాల్సిన సర్టిఫికెట్ పరీక్షకు కట్టుకుంటాడు. ఫీజు అప్పటికి వాడి జీతంలోంచే వస్తుంది.