మందులన్నీ ఫ్రిజ్‌లో పెట్టవచ్చా?

ప్రశ్న: మాది కొత్తగూడెం. నా వయసు 61. మావారు పన్నెండేళ్లుగా షుగర్‌కు గ్లిమిపిరైడ్ మాత్రలు వాడుతున్నారు. ఏడాదిగా రాత్రిపూట గ్లార్జిన్ ఇన్సులిన్ కూడా తీసుకుంటున్నారు. నాకు థైరాయిడ్, బీపీ ఉన్నాయి. ఇన్నాళ్లూ మందులన్నీ ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేసి వంటింటి అలమరలో ఉంచేవాళ్లం. ఎండలకు పాడవుతాయేమోనని ఈమధ్య డబ్బా మొత్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టాను. ఇలా పెట్టవచ్చా? కరెంటు పోతే ఇన్సులిన్ ఏం చేయాలి? వచ్చే వారం మూడేళ్ల మనవడు సెలవులకు వస్తున్నాడు. ఏమైనా జాగ్రత్తలు చెప్పండి.

సమాధానం: మందులను వంటింట్లోంచి తీసి మంచి పని చేశారు. అయితే మీరు చెప్పిన వాటిలో ఫ్రిజ్ అవసరమైనది ఇన్సులిన్ ఒక్కటే. మాత్రల అట్టపెట్టె మీద చూడండి, చాలావాటికి 30 డిగ్రీలకు మించని చోట, తేమా వెలుతురూ తగలకుండా ఉంచాలనే రాసి ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకు చెమట పట్టినట్టే, రోజూ లోపలికీ బయటికీ మారే మందుల సీసాలోనూ తేమ చేరుతుంది. మీ థైరాయిడ్ మాత్రలు వంద ఉన్న సీసా అయితే దాని మూత వంద ఉదయాలు తెరుచుకుంటుంది. వేడికీ తేమకూ త్వరగా బలహీనపడే మందు అది. మాత్ర తీసుకోగానే మూత బిగించి, ఎండ పడని గదిలో, బీరువా అరలో ఉంచండి. మే నెలలో మీ ఊళ్లో గది వేడి 30 దాటకుండా ఉండదని నాకు తెలుసు. కొన్ని రోజులు కొన్ని డిగ్రీలు పెరిగినంత మాత్రాన మాత్రలు పనికిరాకుండా పోవు. నెలల తరబడి పొయ్యి సెగ, ఆవిరి తగలడం, ఎండలో నిలిపిన కారులో వదిలేయడం మాత్రం వాటిని పాడు చేస్తాయి.

ఇక ఇన్సులిన్ సంగతి. తెరవనివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రిజ్ మధ్య అరలో ఒక చిన్న డబ్బాలో పెట్టండి. తలుపు అరలో పెడితే తెరిచిన ప్రతిసారీ వేడిగాలి తగులుతుంది, డీప్ ఫ్రీజర్ పక్కన పెడితే గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడటానికి మామూలుగానే ఉన్నా వాడకూడదు. గ్లార్జిన్‌ను తెరిచాక, గది 30 డిగ్రీలు మించకపోతే, 28 రోజులు బయటే ఉంచి వాడవచ్చు. అందుకే తెరిచిన రోజే తేదీని లేబుల్ మీద పెన్నుతో రాయమని నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతాను. ఇది నీళ్లలా తేటగా ఉండాల్సిన మందు, మసకబారినా, పలుకులు కనిపించినా పారేయండి. కొన్ని రకాల ఇన్సులిన్ సహజంగానే పాలలా ఉంటుంది కాబట్టి ఈ గుర్తు అన్నిటికీ వర్తించదు.

కరెంటు పోగానే కంగారుపడి ఇన్సులిన్‌ను మంచుగడ్డల్లో పెట్టకండి, వేడి కంటే ఆ మంచే ఎక్కువ ప్రమాదం. తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చల్లదనాన్ని నిలుపుకుంటుంది. అంతకంటే ఎక్కువసేపు పోయే రోజుల కోసం ఒక వెడల్పాటి మట్టిపాత్రలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ కూర్చోబెట్టి, ఇన్సులిన్‌ను నీరు చొరబడని కవర్లో చుట్టి ఆ కుండలో ఉంచి, పైన తడిబట్ట కప్పి, గాలి ఆడే నీడలో పెట్టండి. మీ ప్రాంతపు పొడి ఎండల్లో ఇది బాగానే పనిచేస్తుంది, ఉక్కపోత ఎక్కువగా ఉండే సముద్రతీరంలో అంతగా చల్లబడదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మూడేళ్ల మనవడు వస్తున్నాడన్న మీ మాట. కొన్నేళ్ల క్రితం ఒక తెల్లవారుజామున మూడేళ్ల బాబును స్పృహ లేని స్థితిలో మా వార్డుకు తెచ్చారు. ఫిట్స్ అనుకున్నారు ఇంట్లోవాళ్లు. రక్తంలో చక్కెర 28 ఉంది. ముందురోజు సాయంత్రం తాతగారి మంచం పక్కన ఉన్న డబ్బాలోంచి ఏదో తీసి నోట్లో వేసుకున్నాడని ఆ తర్వాతే నానమ్మకు గుర్తొచ్చింది. బాబు కోలుకున్నాడు, కానీ ఆ నానమ్మ రెండు రోజులు పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు. గ్లిమిపిరైడ్ ఒక్క మాత్రయినా చిన్నపిల్లల్లో చక్కెరను ప్రమాదకరంగా పడేయగలదు, అదీ కొన్ని గంటలు ఆలస్యంగా. ఎరుపు పూత ఉన్న ఐరన్ మాత్రలు, బీపీకి వాడే ఆమ్లోడిపిన్ కూడా పిల్లలకు ప్రమాదకరమే. మీ ప్లాస్టిక్ డబ్బాను మీ మనవడు తెరవలేడని అనుకోకండి. మాత్రలను తాళం ఉన్న బీరువాలో, పై అరలో పెట్టి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. ఇన్సులిన్ డబ్బాను ఫ్రిజ్‌లో వాడి చేతికి అందని అరలోకి మార్చండి. వచ్చే చుట్టాల చేతిసంచుల్లోనూ మందులుంటాయి, మొహమాటపడకుండా అడిగి అవి కూడా లోపల పెట్టండి. మాత్రలను "చాక్లెట్" అని చెప్పి పిల్లలకు ఎప్పుడూ ఇవ్వకండి.

మందుల షాపులో స్ట్రిప్‌ను కత్తిరించి ఇస్తే పేరూ గడువూ ముద్రించిన చివర ఉన్న ముక్కనే అడిగి తీసుకోండి, దాన్ని చివరి మాత్ర వరకు కత్తిరించకండి. ఒక్కొక్క మాత్రగా కత్తిరించి పెట్టుకున్న పెద్దవాళ్లు ఆ పదునైన ముక్కను మాత్రతో పాటే మింగి గొంతు గాయపరచుకోవడం మేము చూస్తుంటాం.

ఒకవేళ మీ మనవడు మాత్ర మింగాడని అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నం చేయకండి, ఉప్పునీళ్లు తాగించకండి, ఆడుకుంటున్నాడు కదా అని ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో ఉచితంగా సలహా ఇస్తుంది. ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు ఆ స్ట్రిప్‌ను తప్పకుండా వెంట తీసుకెళ్లండి. ఏ మందో, ఎన్ని మిల్లీగ్రాములో, ఎన్ని మాత్రలు తగ్గాయో అక్కడి డాక్టరు దాన్ని చూసే తెలుసుకుంటారు.